స్వామివారి సంతకం

తను రాసిన పుస్తకం మీద ఇంకొకరి చేత సంతకం పెట్టించుకోవడానికి మిరాన్ వరుసలో నిలబడింది. వరుస వేదిక ముందు మొదలై, వంటల పుస్తకాల అరల పక్కన వంకర తిరిగి, మెట్లు దిగి, కింద పెన్నులూ నోటుపుస్తకాలూ అమ్మే చోట తోక ఆడిస్తోంది. సొమ్యోన్ కూడలిలో ఈ పుస్తకాల దుకాణం ఎప్పుడూ సంతలా ఉంటుంది. ఇవాళ మాత్రం అందరూ గుళ్ళోకి వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు పుస్తకాన్ని గుండెలకి హత్తుకున్నారు. బుద్ధ జయంతి దగ్గర పడింది కదా, బయట వీధి పొడుగునా కాగితపు కమలాల దీపాలు కట్టారు. దుకాణం వాళ్ళు కూడా రెండు గులాబీరంగువి వేలాడదీశారు. వాటి మధ్య నిలువెత్తు బొమ్మలో ఉంగోక్ స్వామి చేతిలో టీ గిన్నెతో నవ్వుతున్నాడు. ఆ గిన్నెలో టీ లేదు. ఫొటో తీసిన రోజు నీళ్ళు కూడా పోయలేదని మిరాన్‌కి తెలుసు, ఆ గిన్నె సంపాదకుడు పాంగ్ తన ఇంట్లోంచి పట్టుకొచ్చింది. బొమ్మ కింద పెద్దక్షరాల్లో పుస్తకం పేరు, 'గుమ్మం బయటే దించెయ్యి'. ఆ పేరు కూడా తనదే. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, రెండు చేతుల్లో ఉల్లికాడల సంచులతో తలుపు తెరవలేక విసుక్కుంటూ అనుకున్న పేరు.

అమ్మ అడిగింది కాబట్టి వచ్చింది. అమ్మ చెప్తుంది, అరుస్తుంది, విసురుతుంది. అడగడం మాత్రం మిరాన్ ఎరగదు. నిన్న మందుల మత్తులోంచి కళ్ళు తెరిచి, ఎముకలు తేలిన చెయ్యి పుస్తకం మీద పెట్టి, "ఆ స్వామి రేపు మనూరొస్తన్నాడంట గదే. నర్సు చెప్పింది. ఒక్క సంతకం పెట్టించుకురాకూడదూ," అంది. రాకూడదూ అంది. "నా పేరు కూడా రాయమను. సున్‌దోక్ అని. తప్పుల్లేకుండా రాయమను." అమ్మకి అక్షరాలు వచ్చిందే అరవై దాటాక, ముసలివాళ్ళ బడిలో, చేపల కొట్టు అమ్మేశాక. అమ్మ చూపుడువేలికి ఇప్పటికీ అక్షరం కింద ఆగి ఆగి నడవడమే వచ్చు. ఆ వేలితోనే పుస్తకమంతా నడిచింది, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, జీవితంలో అమ్మ పూర్తిగా చదివిన ఒకే ఒక్క పుస్తకం, అది కూతురు రాసిందని అమ్మకి తెలియదు. కూతురు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే అమ్మ ఇన్నేళ్ళుగా ఒకటే చెప్తోంది: "ఏదో టైపు కొట్టుద్ది."

"ఎన్నోసారి చదువుతున్నారండీ?" వెనక నిలబడ్డ ఆవిడ అడిగింది. మణికట్టుకి జపమాల, మెడలో పట్టు రుమాలు, చేతిలో పుస్తకానికి పూలగుడ్డ కుట్టి తొడిగిన అట్ట.

"లెక్కపెట్టలేదండీ," అంది మిరాన్. అబద్ధం కాదు.

"నేనైతే చేత్తో మొత్తం రాసుకున్నాను. సూత్రాలు రాసుకుంటాం చూడండి, అలాగ. మా ఆయన ఇల్లొదిలి పోయినప్పుడు నన్ను బతికించింది ఇదేనండీ. 'పక్క మీద ఖాళీ అయిన చోట చలేస్తే దుప్పటిని తిట్టుకోకు'. ఆహా, ఎంత మాట! పెళ్ళిచేసుకోని సన్యాసికి ఇదెలా తెలిసిందంటారు?"

ఎలా తెలుస్తుంది, తెలియలేదు. ఆ వాక్యం రాసిన రోజు మిరాన్‌కి దవడ పన్ను పోటు పెట్టింది, చలికి వేసుకునే కరెంటు దుప్పటి కాలిపోయింది, కొత్తది కొనాలా వద్దా అనుకుంటూ రాసింది. చివరికి దుప్పటి కొనలేదు గాని వాక్యం పుస్తకంలోకి వెళ్ళింది. అక్కడినుంచి ఈవిడ పక్కలోకి వెళ్ళి ఈవిడని బతికించింది. బతికించిందంటే కాదనడానికి తనెవరు? ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఆ చెమ్మ చూసి మిరాన్‌కి సంతోషం వెయ్యలేదు, జాలీ వెయ్యలేదు. తను పారేసిన మెతుకులు ఎవరో ప్రసాదంలా కళ్ళకద్దుకుంటుంటే కలిగే వెగటు లాంటిదేదో పుట్టింది. "నిజమేనండీ," అంది.

వరుస నాలుగడుగులు జరిగింది. పక్క అరలో కోపం తగ్గించుకునే పుస్తకాలు, దాని పైన డబ్బు నిలబెట్టుకునేవి, ఆ పైన పేగులు బాగుచేసుకునేవి. ఆ పేగుల డాక్టరు పుస్తకం మిరాన్ రాసిందే. తెల్లారకముందే లేచి గెలవమని చెప్పే హోటళ్ళ యజమాని పుస్తకమూ తనదే. ఆయన పడుకుని లేచేసరికి మధ్యాహ్నం అయ్యేది కాబట్టి మాట్లాడడానికి ఎప్పుడూ పొద్దువాటారాక వెళ్ళేది. చర్చి పెద్ద ఒకాయన పేరు మీద రోజుకొక ప్రార్థన రాసింది, తనేమో చిన్నప్పుడు ఉచితంగా ఇచ్చే రొట్టె కోసం తప్ప చర్చి గుమ్మం తొక్కని మనిషి. ఆ ప్రార్థనలు చదివి ఎవరెవరు మోకరిల్లారో. పాంగ్ మొదటి రోజే చెప్పాడు, కాఫీలో పంచదార కలుపుతూ, పిల్లాడికి ఎక్కం చెప్పినట్టు: "మిరాన్ గారూ, నిజం తెలుసుకుందామని ఎవడూ పుస్తకం కొనడండీ. తనకి ముందే తెలిసినదాన్ని పెద్దమనిషెవరో ఔనంటే వినాలని కొంటాడు. ముందు ఏడిపించండి. తర్వాత వీపు నిమరండి. కొన్నవాణ్ణి మాత్రం తిట్టకండి." ఆ మాట విన్నప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఈ మెట్ల మీద పొడుగ్గా నిలబడ్డ వీపులు చూస్తే నవ్వు రావడం లేదు. అన్నీ నిమిరించుకోవడానికి వచ్చిన వీపులే, తన చేత్తో, వేరే చెయ్యి అనుకుని.

పుస్తకానికని కొండ మీది గుళ్ళో స్వామి మాట్లాడి పంపిన రికార్డింగుల్లో ఏముందని? ముల్లంగి. ముల్లంగి పచ్చడి ఎప్పుడు జాడీకెత్తాలి, మంచు పడకముందా పడ్డాకా. మోకాలి నొప్పి. గుడి కుక్క బియ్యప్పిండి ఉండ మింగి గొంతుకడ్డం పడితే తలకిందులుగా పట్టుకుని దులిపిన కథ, అదే కథ మూడుసార్లు, మూడుసార్లూ ఆయనే పగలబడి నవ్వడం. మధ్యలో పొడుగాటి నిశ్శబ్దాలు, పిట్టల అరుపులు. పాంగ్ తల పట్టుకున్నాడు. "గుండెని పిండే అధ్యాయం ఒక్కటి పడాలండీ, తల్లిదీ బిడ్డదీ, మీరే ఏదో ఒకటి చూడండి." చూడ్డానికేముంది. కొండంత చూసి ఉంది. కళ్ళు మూసుకుంటే చాలు, చగల్చి బజారు, తడి సిమెంటు నేల, బూట్లకంటుకున్న పొలుసులు, మంచుముక్కల మీద వెల్లకిలా పడుకున్న కానాగంత చేపలు, వాటి మధ్య గొంతు చించుకుంటున్న అమ్మ.

ఆ రోజు వాన. తమ్ముడు కీతేకి పొద్దున్నుంచీ ఒళ్ళు కాలిపోతోంది. ఐదేళ్ళవాడు, అమ్మ ముద్దు, అమ్మ కళ్ళూ ముక్కూ తెచ్చుకుని పుట్టినవాడు. చూస్తూ ఉండవే అని మిరాన్‌ని కూర్చోబెట్టి అమ్మ కొట్టుకి పోయింది. మిరాన్ తడిగుడ్డ వేసింది, తీసింది, వేసింది. వాడు అక్కా అనడం మానేసి గోడని చూస్తూ ఏదో గొణగడం మొదలెట్టాక భయమేసి, చెప్పులు కూడా లేకుండా ఆ వానలో కొండ మీది ఇంటినుంచి బజారు దాకా పరిగెత్తింది. "అమ్మా, వాడు నన్ను గుర్తుపట్టట్లేదే!" అమ్మ చేతిలో కత్తి ఉంది, ముందు బేరగాళ్ళున్నారు, వాన వల్ల పొద్దున్నుంచీ బోణీ సరిగ్గా లేదు. "కనపడట్లా, బేరం నడస్తంది? పోయి గుడ్డెయ్యి, వస్తన్నా." వచ్చింది, దీపాలు పెట్టే వేళకి. వాడు అప్పటికి గొణగడం కూడా మానేశాడు. వాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయి, మోసుకుపోయినట్టే మోసుకొచ్చి, చాప మీద పడుకోబెట్టి, చుట్టూ అమ్మలక్కలు మూగి ఉండగా అమ్మ తలెత్తి, జనంలో వెతికి, గోడవారగా నిలబడ్డ మిరాన్‌ని పట్టుకుని చూసి, ఆ మాట అంది.

"వాడి బదులు నువ్వు పోయినా బాగుండేది."

అరిచి అనలేదు. అరిచి ఉంటే వానలో కొట్టుకుపోయేదేమో. బేరం చెప్పినంత మామూలుగా అంది. పక్కింటి అవ్వ, "ఊరుకోవే, పసిదాని ముందు ఏం మాటలవి," అని అమ్మ నోటి మీద చెయ్యి వేసింది. మర్నాటి నుంచి ఆ మాట ఇంట్లో లేదు. కీతే పేరు కూడా లేదు. మిరాన్ బడికెళ్ళింది, పై చదువు చదివింది, పెళ్ళి చేసుకుంది, తెంచుకుంది, పండగలకి అమ్మ ముందు మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టింది, అమ్మ ఆసుపత్రి చీటీలు మోసింది, ప్రతిసారీ అమ్మ నోరు విప్పగానే లోపల ఎక్కడో ఒక పసిది తలెత్తి చూసేది, ఆ మాట తప్పయిందని ఇప్పుడంటుందా, ఇప్పుడంటుందా అని. అమ్మ అనేది, కూరలో ఉప్పెక్కువైందని.

అదంతా పోసి రాసింది ఆ అధ్యాయం. చేపలమ్ముకునే తల్లి ఒకతె స్వామి దగ్గరికి వచ్చి ఏడుస్తుంది, బిడ్డ పోయిన రోజు మిగిలిన బిడ్డని అనరాని మాట అన్నానని. మొదట రాసినప్పుడు స్వామి ఆమెని కూర్చోనివ్వడు, లే, ఇప్పుడే ఇంటికి పో, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని అడుగు అంటాడు. రాస్తూ మిరాన్ ఏడ్చింది, పరాయి పుస్తకం రాస్తూ ఏడవడం అదొక్కసారే. పాంగ్ చదివి పెదవి విరిచాడు. "బాగుంది గాని తిట్టినట్టుంది. మన పుస్తకం కొనేదే ఇలాంటి అమ్మలండీ. పాపం ఆవిణ్ణి అలా పంపించేస్తే ఎలా? కాస్త తేలిక చెయ్యండి." తేలిక చేసింది. ఎంతసేపు పట్టింది, టీ చల్లారేంతసేపు. 'దుఃఖంలో జారిన మాట నీది కాదు తల్లీ, దుఃఖానిది. దానికి నిన్ను నువ్వు శిక్షించుకోకు. నీ తప్పేమీ లేదు.' చేతులు కడుక్కుని, పాంగ్‌కి పంపేసి, పడుకుంది. బతుకుతెరువు కదా అనుకుంది. ఆ పేజీ తిరిగి తిరిగి అమ్మ పక్క మీదికే వచ్చి పడుతుందని ఎవరనుకుంటారు.

ఎవరిచ్చారో ఇచ్చారు, ఆసుపత్రిలో చివరి రోజుల వాళ్ళని ఉంచే ఆ అంతస్తులో అందరి తలగడల పక్కనా ఉందది. ఒక మధ్యాహ్నం మిరాన్ పియర్ పండు చెక్కు తీస్తుంటే అమ్మ వేలు ఒక చోట ఆగిపోయింది. తర్వాత గట్టిగా, కూడబలుక్కుంటూ చదివింది. చదివి పుస్తకం మూసి, "చూశావటే," అంది, "స్వామి ఏం చెప్పాడో. అది మనిషి మాట కాదంట. దుఃఖం మాటంట. ఆయమ్మెవరో అచ్చం నాలాగే చేపలమ్ముకునేదంట. నా తప్పేం లేదంటన్నాడు." మొహం మీద ముడతలన్నీ విడిపోయాయి. మిరాన్ ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు, అంత నున్నగా. అంటే అమ్మకి గుర్తుంది. ఇన్నేళ్ళూ గుర్తుంది, నలిగింది, బహుశా రేపో ఎల్లుండో అనేదేమో, అనకుండా కన్నుమూసే మనిషి కాదేమో. ఇక అనక్కర్లేదు. స్వామి మాఫీ చేసేశాడు. "నువ్వెప్పుడన్నా చెప్పావటే నాకిట్టాంటి మంచి మాట? వస్తావు, మొహం మాడ్చుక్కూచుంటావు, పోతావు." మిరాన్ పండు ముక్క ఫోర్కుకి గుచ్చి అమ్మ నోటికి అందించింది. ముక్క తియ్యగా ఉందని అమ్మ అంది.

"ముందుకి జరగండమ్మా, ముందుకి." వరుస ఎప్పుడు ఇంత దగ్గరికొచ్చిందో. బల్ల వెనక ఉంగోక్ స్వామి బొమ్మలో కన్నా చిన్నగా ఉన్నాడు, బూడిదరంగు అంగీలో ఎండిన ఆకులా, ఒక కాలు చాపి మోకాలు నిమురుకుంటూ. పక్కన పాంగ్. మిరాన్‌ని చూడగానే పాంగ్ మొహంలో రంగులు మారాయి, చుట్టు తిరిగి వచ్చి చెవిలో గుసగుసలాడాడు. "ఎందుకొచ్చారండీ బాబూ? ఒక్క ముక్క చెప్తే సంతకం పెట్టించి పంపేవాణ్ణి కదా!" తర్వాత గట్టిగా, "స్వామీ, ఈవిడ మీ పాఠకురాలు," అన్నాడు.

"ఎవరి పేరు తల్లీ?"

"మా అమ్మ. సున్‌దోక్. ఆసుపత్రిలో ఉందండీ."

"అయ్యో." ఆయన కలం తీశాడు. అందరికీ రాయమని పాంగ్ చెప్పిన వాక్యమే రాయబోతున్నాడు, ముందువాళ్ళ పుస్తకంలో మిరాన్ దాన్ని తలకిందులుగా చదివేసింది, మీ తప్పేమీ లేదు, మొదటి అక్షరం పడబోతోంది.

"అది రాయకండి స్వామీ." తన గొంతేనా అది? "ఈ పుస్తకం చదివాక మా అమ్మ ఇక ఎవరినీ క్షమాపణ అడగక్కర్లేదని తేల్చుకుంది."

కలం ఆగింది. "ఇందులో అలా ఉందా? ఎక్కడ?"

పేజీ వెతకక్కర్లేదు, పుస్తకం దానంతట అదే అక్కడ తెరుచుకుంది. అమ్మ వేలి ముద్ర, పండు రసం మరక. స్వామి అద్దాలు మార్చుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు, ఇంచుమించు అమ్మ చదివినట్టే. వరుసంతా ఆగిపోయింది. పాంగ్ దగ్గాడు. "స్వామీ, వెనక చాలామంది..."

"ఆగవయ్యా." ఆయన అద్దాల మీదుగా మిరాన్‌ని చూశాడు. "ఇది నేనన్నానా? తప్పు కదూ ఇది. జారితే జారింది నోరే. దుఃఖానికి నోరెక్కడుందమ్మా?"

మిరాన్ బల్ల అంచు పట్టుకుంది. అన్ని రికార్డింగులు, అంత ముల్లంగి, అన్ని పిట్టలు, ఇలాంటి మాట ఒక్కటి లేదు. ఉండదు మరి. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు, ఏదో ఒకటి మాట్లాడమన్నారు, ఆయన పచ్చడి గురించి మాట్లాడాడు. అడిగి ఉంటే చెప్పేవాడు. తను ఆ కొండెక్కి ఒక్క పూట ఆయన ముందు కూర్చుని అడిగి ఉంటే. నేనే రాశాను స్వామీ, ఆ నోరు నాదే, అనాలనిపించింది. పాంగ్ కళ్ళు తన మీదే ఉన్నాయి.

"మీ అమ్మ ఎవర్ని అడగాలి తల్లీ?"

నన్ను. ఒక్క మాట. నన్ను అంటే చాలు, ఆయన రాస్తాడు, నీ కూతుర్ని అడుగు అని రాస్తాడు, అమ్మ చదువుతుంది, స్వామి మాట కాబట్టి చేస్తుంది. నోరు తెరిచింది. వెనక జపమాల ఆవిడ, ఆ వెనక మెట్ల దాకా మనుషులు, అందరూ వింటున్నారు. యాభై దాటిన ఆడది, మా అమ్మ నన్ను క్షమాపణ అడగాలి అని ముష్టెత్తుకోవడమా.

"ఇంట్లో మనిషినేనండీ," అంది.

స్వామి తలూపి నెమ్మదిగా రాశాడు. 'సున్‌దోక్ అమ్మకి. ఆ పేజీలో నేను పొరపాటు రాశాను. అడగాల్సినవాళ్ళని క్షమాపణ అడిగి, అప్పుడు నిశ్చింతగా ఉండండి. ఉంగోక్.' పొరపాటు రాశాను అని రాశాడు. చేయని తప్పుకి చేవ్రాలు చేసి, పుస్తకం రెండు చేతులతో అందించాడు. మిరాన్ నడుం దాకా వంగి తీసుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సిరా ఆరిందా లేదా అని మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంది. ఆశ అనేది ఇంత సిగ్గుమాలిందని తెలియదు. అమ్మ ఎలా అంటుంది, పేరు పెట్టి పిలుస్తుందా, మొహం పక్కకి తిప్పుకుని అంటుందా, తనేం అనాలి, ఫరవాలేదమ్మా అనాలా, వెంటనే అనాలా కాస్త ఆగి అనాలా. దిగాల్సిన చోటు దాటిపోయి, ఒక స్టాపు వెనక్కి నడిచింది.

అమ్మ మెలకువగానే ఉంది. పుస్తకం తెరిచి చూపిస్తే ముందు తన పేరు మీద వేలు పెట్టి, "సరిగ్గానే రాశాడు," అంది. తర్వాత వేలు కదిలింది. పొరపాటు దగ్గర ఆగింది. క్షమాపణ దగ్గర ఆగింది. మొత్తం అయ్యాక మొదటికి వచ్చి మళ్ళీ నడిచింది. మిరాన్ మంచం పక్కన నిలబడింది, కూర్చుంటే ఏదో చెదిరిపోతుందన్నట్టు.

అమ్మ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నన్ను లేపవే," అంది. "పడుకుని అడక్కూడదు. లేపి కూచోబెట్టు."

మిరాన్ వీపు కింద చెయ్యి పెట్టి లేపింది. పిట్టంత బరువు. అమ్మ తన భుజానికి ఆనుకుని కుదురుకుని, ఊపిరి కూడదీసుకుని, రెండు చేతులూ జోడించి, కిటికీ వైపు తిరిగింది. కిటికీలో ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఒరే కీతే," అంది. "నన్ను క్షమించరా అయ్యా. నేను రావాల్సిందిరా. కొట్టు మూసేసి రావాల్సింది. అక్క చెప్పిందిరా. వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి చెప్పింది. నేనే రాలేదు." ఒళ్ళంతా కుదుపుతూ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఆ కుదుపుకి పడిపోకుండా మిరాన్ రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది. అమ్మ జుట్టు తన పెదాలకి తగులుతోంది. ఇప్పుడు, అనుకుంది. వాడి తర్వాత ఇప్పుడు నన్ను.

ఏడుపు తగ్గింది. అమ్మ అరచేత్తో మొహం తుడుచుకుని, వెనక్కి వాలి, పెద్ద ఊపిరి వదిలింది. ముడతలు మళ్ళీ విడిపోయాయి.

"అబ్బ, తేలికైందే," అంది. "మంచి మాట రాశాడు మహానుభావుడు. కాసిని నీళ్ళియ్యి."

మిరాన్ గ్లాసులో స్ట్రా వంచి నోటికి అందించింది. అమ్మ తాగుతూ కళ్ళెత్తి చూసి, స్ట్రా వదిలింది.

"నువ్వెందుకే ఏడస్తన్నావు మజ్జలో?"

"ఏం లేదమ్మా," అంది మిరాన్. అమ్మ గడ్డం మీదికి కారిన నీళ్ళు తుడిచింది.